కోసినవాడి మాట

కృత్తిక కార్తె, మొదటి వేట

కొట్టిన దుప్పి ఒకటి. ఇంటికి చేరిన మాంసం లేదు.

దాలయ్య బావా, ఈ రాత నీ దగ్గరికే వస్తుంది. కొండమీద పైమెరకలో కూర్చుని దుప్పుల మంద లెక్క చూసేది నువ్వే. కింద మన ఊరు నీడగట్టు నుంచి ప్రతి వేట తర్వాతా మేం రాసి పంపింది చదివి, అడుగున ఒక గీత గీసి తాడు మీద నడిచే బుట్టలో తిప్పి పంపుతావు. తొమ్మిదేళ్ళలో ఆ గీత తప్ప నీ నుంచి నాకు ఏమీ రాలేదు. వేట సంగతి తర్వాత రాస్తాను. ముందు పాత సంగతి.

తొమ్మిదేళ్ళ కిందట ఆ రోజు నా బాణం దుప్పి పొట్టలో పడలేదు. ముందుకాలి వెనక, ఊపిరితిత్తుల్లో పడింది. పేగు తెగింది నీ కత్తికి. నువ్వు పదిమంది ముందు "బాణం పొట్టలో పడ్డాది" అన్నావు. నా మనవడికి పేరు పెట్టే రోజు కొట్టిన దుప్పి అది. మాంసం కంపు కొట్టి పారేశాం. పిలిచిన వాళ్ళందరికీ పప్పుచారు పోసి పంపాను. నన్ను చూస్తే పప్పుచారు గుర్తొస్తుందనే వాళ్ళు ఈ గట్టు మీద ఇప్పటికీ ఉన్నారు.

మన కట్టుబాటు నాకు తెలియక కాదు. కొట్టినవాడు కోయకూడదు. కోసినవాడు బాణం ఎక్కడ పడిందో పైకి చెప్పాలి. కొట్టినవాడు "సరే" అనాలి. నేను సరే అనలేదు. జరగనిదానికి సరే అనడం నాకు రాదు. నువ్వు కత్తి ఆకుతో తుడిచి, "నా మాట నమ్మనోడి దుప్పిని నాను కొయ్యను" అని తాడుబండెక్కి పైకి పోయావు. నీ చెల్లెలు, నా పెళ్ళాం పోలమ్మ, గట్టు చివర నిలబడి బండి మబ్బులో కలిసేదాకా చూసింది. తప్పు నీదని ఒక్క ముక్క రాస్తావని అప్పటినుంచీ చూస్తున్నాను.

ఇప్పుడు వేట సంగతి. నువ్వు పోయాక అప్పన్న కోసేవాడు. మాఘంలో అతను కన్నుమూశాడు. కత్తి పట్టేవాడు లేడని సంఘం నాకు ఒక మర ఇచ్చింది. దాని పేరు తోడు. నాలుగు కాళ్ళు, ఒక చెయ్యి, వీపు మీద పలక. మోస్తుంది, కోస్తుంది, అడగకపోయినా మాట్లాడుతుంది.

మన తాతలు తిన్న దుప్పి చచ్చాక చల్లబడేదట. ఎండకు తట్టుకోవాలని పెద్దబడి వాళ్ళు పుట్టించిన ఈ తెల్లదుప్పి వేరు. పగటి వేడినంతా కడుపులో దాచుకుని రాత్రికి ముక్కుతో వదులుతుంది. వదలకముందే చచ్చిందంటే ఆ వేడి లోపలే నిలిచి పేగుల్ని ఉడకబెడుతుంది. చుట్ట ఒకటి కాలేలోపు కడుపు తెరవాలి. అందుకే తెల్లవారుజామున, చల్లారాక కొడతాం.

వాగు మలుపులో పోతుదుప్పి దొరికింది. బాణం సరిగ్గా పడింది. తోడు వచ్చి దుప్పి నుదుటి మీద చెయ్యి పెట్టి, "మా కడుపు కోసం నీ కడుపు కోస్తున్నాం, కోపగించుకోకు" అంది. ఒక్క అక్షరం తప్పు లేదు.  తర్వాత రొమ్ము నుంచి తోక దాకా గీటు పెట్టినట్టు ఒకే కోత కోసింది. కోసేటప్పుడు వేళ్ళతో చర్మం పైకెత్తాలని దానికి ఎవరూ చెప్పినట్టు లేదు. ఉచ్చతిత్తి తెగి మాంసం మీదంతా పారింది.

"బాణం ఎడమ ఊపిరితిత్తిలో ఉంది. మూత్రాశయం తెగింది. క్షమించండి" అంది.

మర క్షమించమంటే మనిషి ఏమనాలో నాకు ఎవరూ నేర్పలేదు.

కృత్తిక కార్తె, రెండో వేట

కొట్టిన దుప్పి ఒకటి. మాంసం లేదు.

తోడును ముట్టుకోనివ్వలేదు. ఊళ్ళోంచి ఎవరినైనా పిలుచుకు రమ్మని పంపాను. అది పరుగెత్తి ఇద్దరు కుర్రాళ్ళను తెచ్చింది. వాళ్ళు వచ్చేసరికి దుప్పి పొట్ట డోలులా ఉబ్బింది. ఒకడు కత్తి గుచ్చాడు, వచ్చిన వాసనకు ఇద్దరూ వాగులోకి పరుగెత్తారు. నేను పక్కన రాతి మీద కూర్చుని చూశాను. నా నడుముకు కత్తి ఉంది. నా చేతికి పనీ తెలుసు. అయినా కూర్చున్నాను.

పొద్దెక్కాక సంఘం పెద్ద నీలవేణి మా ఇంటికి వచ్చింది. మనకు కూతురి వయసు, నువ్వు ఉన్నప్పుడు పరికిణీ వేసుకు తిరిగేది. ఇప్పుడు నలభై గడపల తిండి దాని తలమీద ఉంది.

"పెద్దయ్యా, రెండు దుప్పుల్ని కుళ్ళబెట్టీసినావు. నువ్వే కోసుకుంటే ఏటవుద్ది?"

"కొట్టిన చెయ్యి కొయ్యకూడదు."

"కోస్తే చెయ్యి ఊడిపోద్దేటి?"

"చెయ్యి ఊడదమ్మా, పరువు ఊడుద్ది," అంది పోలమ్మ లోపలినుంచి. "ఆ పరువునే ఉప్పేసి ఎండబెడితే వానాకాలమంతా తినొచ్చు."

నీలవేణి నవ్వలేదు. వానలు మొదలైతే అడవిలోకి పోలేం, ఊరి అటక మీద ఎండు మాంసం సగానికి కూడా లేదు, రోహిణి వెళ్ళేలోపు అటక నిండకపోతే వేట మొత్తం మరలకు అప్పగించేస్తానంది. అవే కొడతాయి, అవే కోస్తాయి, మనిషి అడవిలో అడుగు పెట్టక్కర్లేదు.

"నీ మీద కోపం లేదు పెద్దయ్యా. పిల్లల కడుపులు సూడాల గదా."

అది వెళ్ళాక పోలమ్మ చీర చెంగు నడుముకు దోపింది.

"నాను కోస్తాను."

"నువ్వా?"

"మా అన్న కోసినన్నాళ్ళూ దుప్పి కాళ్ళు పట్టుకున్నది ఎవులనుకున్నావు? నా పెళ్ళికి ముందు పదేళ్ళు పట్టుకున్నాను. నువ్వు బాణం ఏసి మీసం దువ్వుకుంటున్నప్పుడు పని సూసినోళ్ళం మేమే."

ఆడది కోయకూడదని కట్టుబాటులో ఎక్కడా లేదు. వెతికాను. లేదు.

కృత్తిక చివర

కొట్టిన దుప్పులు నాలుగు. నాలుగూ అటకెక్కాయి.

బావా, నీ చెల్లెలు కోసిన తీరు రాస్తాను. ఇది లెక్కకు అక్కర్లేదు, అయినా రాస్తాను.

దుప్పిని వెల్లకిలా వేయించింది, తల ఎగువకు, తోక దిగువకు. నుదుటి మీద అరచెయ్యి పెట్టి, "మా కడుపు కోసం నీ కడుపు కోస్తన్నాం తల్లీ, కోపగించుకోకు" అంది. అది పోతుదుప్పి అని నేనంటే, "సచ్చినోళ్ళందరూ తల్లులే, నోర్ముయ్యి" అంది. ముందు తోక కింద చుట్టూ కోసి, పేగు కొసను అడ్డతీగ నారతో ముడి వేసింది. తర్వాత రొమ్ము కింద చిన్న గాటు పెట్టి రెండు వేళ్ళు లోపలికి దూర్చింది. వేళ్ళతో చర్మాన్ని పైకెత్తి, వేళ్ళ మధ్య కత్తి అంచు ఆకాశం వైపు తిప్పి, కిందికి లాగుతూ పోయింది. పొట్టను కత్తి మొన తాకనే లేదు. గుండెకూ పొట్టకూ మధ్య ఉన్న తెర కోసి, మోచేతి దాకా లోపలికి పోనిచ్చి, గొంతు గొట్టం పట్టుకు తెంపి, ఒక్క లాగు లాగింది. లోపలిదంతా ఒకే మూటగా అడ్డాకుల మీదికి జారింది. ఆవిరి లేచి ఇద్దరం మొహాలు తిప్పుకున్నాం.

నీళ్ళు పోయనివ్వలేదు. నీళ్ళు పడితే మాంసం కుళ్ళుతుందని ఎండుగడ్డితో తుడిచింది. డొక్కల మధ్య వెదురుపుల్ల అడ్డం పెట్టి గాలి ఆడనిచ్చింది. అప్పుడు మోకాళ్ళ మీద లేచి నా మొహంలోకి చూసింది.

"ఊపిరితిత్తిలో పడ్డాది. రెండేపులా ఎల్లింది."

"సరే," అన్నాను.

"అంతేనా? ఇంత సులువా ఆ మాట అనడం?"

నేను దుప్పిని తోడు వీపుమీదికి ఎత్తే పనిలో పడ్డాను.

నాలుగు వేటలూ అలాగే సాగాయి. ఆమె ముడి వేసినప్పుడల్లా, "మా అన్న ఇలగే రెండు సుట్లు తిప్పీవోడు" అనేది. ఆకులు పరిచేటప్పుడు, "మా అన్న కారం లేకుండా కాలేయం కాల్చీవోడు, గుర్తుందేటి" అనేది. తొమ్మిదేళ్ళుగా మా ఇంట్లో నీ పేరు వినపడలేదు బావా. నేను వద్దనలేదు. వద్దనకుండానే ఆమె మానేసింది. అడవిలో మాత్రం ఆమె నోటికి అడ్డు లేకపోయింది. నడుము పట్టేసిందని మూలుగుతూనే నవ్వేది. పెళ్ళైన కొత్తలో అలా నవ్వడం చూశాను. ఇన్నేళ్ళూ ఆమె ఒక్కదాన్ని ఇంట్లో కూర్చోబెట్టి నేను అడవికి ఎందుకు పోయానో ఇప్పుడు అర్థం కావడం లేదు.

రోహిణి కార్తె ప్రవేశం

కొట్టిన దుప్పులు రెండు. రెండూ అటకెక్కాయి.

కిందటి రాతకు నీ గీత వచ్చింది. నీ చెల్లెలు కోస్తోందని అంత రాస్తే గీత గీసి పంపావు. బుట్టలోంచి తీసి ఆమె రెండు వైపులా తిప్పి చూసింది. "సదివినాడు గదా, అది సాలు" అని మడిచి గూట్లో పెట్టింది.

రోహిణి ఈసారి పగబట్టినట్టు వచ్చింది. తెల్లవారుజామున కూడా రాళ్ళు కాళ్ళను కాలుస్తున్నాయి. దుప్పులు రాత్రంతా ముక్కులు తెరుచుకుని నిలబడినా వేడి వదలడం లేదు. చచ్చిన దుప్పిలో చెయ్యి పెడితే పొయ్యి మీది కుండలో పెట్టినట్టు ఉందని పోలమ్మ మోచేతులు చూపించింది. ఎర్రగా కమిలాయి. ఆముదం రాశాను. పాదాలు కూడా వాచాయి.

తోడు దారిలో, "ఆమె శరీర ఉష్ణోగ్రత ఉండాల్సిన దానికన్నా ఎక్కువగా ఉంది. విశ్రాంతి అవసరం" అంది.

"దీన్ని ఎవులడిగినారు?" అంది పోలమ్మ. "నా ఒళ్ళు దుప్పి ఒళ్ళేటి, సెయ్యెట్టి సూడ్డానికి?"

అటక ఇంకా నిండలేదని, ఇంకొక్క దుప్పి చాలని నీలవేణి చెప్పింది. నేను పోలమ్మను చూశాను. ఆమె నన్ను చూసింది.

"ఒక్కటే గదా," అంది.

"ఒక్కటే," అన్నాను.

ఆ మాట నేను అనకుండా ఉండాల్సింది.

రోహిణి కార్తె నడుమ

కొట్టిన దుప్పి ఒకటి. అడవిలో వదిలేశాం.

జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

పొద్దు పొడవకముందే గుట్ట వెనక చెలమ దగ్గర కూర్చున్నాం. దుప్పులు ఆలస్యంగా వచ్చాయి. ఆడదుప్పి ఒకటి పక్కకు తిరిగింది. నా చెయ్యి చెమటకు జారుతోంది, తుడుచుకున్నాను. వదిలే క్షణాన దుప్పి ఒక్క అడుగు ముందుకు వేసింది. బాణం తగిలింది. దుప్పి వీపు వంచి, తల కిందికి వేలాడేసి, పరుగెత్తకుండా నడిచింది. అలా నడిస్తే ఎక్కడ తగిలిందో నీకూ తెలుసు, నాకూ తెలుసు. దాని వెనకే నడిచాం.

అది పడే చోటికి చేరేసరికి పొద్దు గుట్ట మీదికి వచ్చేసింది. పోలమ్మ మోకాళ్ళ మీద కూర్చుంది, నుదుటి మీద చెయ్యి పెట్టింది, చెప్పాల్సింది చెప్పింది. కడుపు తెరిచింది. పచ్చటి పిప్పి, నెత్తురు కలిసి కుతకుతలాడుతూ పైకి వచ్చింది. ఆమె కత్తి పక్కన పెట్టి నా వైపు చూసింది.

"పొట్టలో పడ్డాది."

ఎండలో ఏదో పురుగు ఒకటే రొద పెడుతోంది. నేను వంగి చూశాను. బాణం పుల్ల పొట్టసంచి మధ్యలోంచి పోయింది. ఆమె కత్తి అక్కడికి ఇంకా పోలేదు. చూడక్కర్లేకుండానే నాకు తెలుసు, అయినా వంగి చూశాను. ఆమె మాట నమ్మనట్టు చూశాను. ఆమె కళ్ళు దించుకుంది.

"సరే," అన్నాను.

ఆమె తల ఊపింది. గడ్డి దూసుకుని పని మొదలెట్టింది.

పొట్టలో బాణం పడిన దుప్పిని వదిలేయడం మేలు. కానీ పిల్లల అటక నిండాలని ఆమె పట్టుబట్టింది. తొడలు, వీపు దక్కుతాయంది. మురికి తగిలిన మాంసమంతా పలచగా చెక్కి పారేసింది. గడ్డి మార్చి మార్చి తుడిచింది. ఒక్క లాగుతో అయ్యే పని ముక్కలు ముక్కలుగా చేసింది. నేను ఆకులు పట్టుకుని నీడ చేశాను. నా నీడ ఆమె వీపుకు సగమే సరిపోయింది. కత్తి ఇయ్యమని అడిగాను.

"కొట్టినోడివి, కొయ్యకూడదు," అంది. ఎగతాళిగా కాదు. మామూలుగా అంది.

లాక్కోవాల్సింది బావా. లాక్కోలేదు. ఆ క్షణంలో కూడా కట్టుబాటు చెడుతుందేమో అనుకున్నాను.

కొంతసేపటికి ఆమెకు చెమట పట్టడం ఆగిపోయింది. చల్లబడిందనుకున్నాను. పిచ్చివాణ్ణి. "అన్నా, ఆ కాలు గట్టిగా పట్టు" అంది నాతో. తర్వాత పక్కకు ఒరిగిపోయింది. మెడ మీద చెయ్యి పెడితే దుప్పి కడుపులా కాలుతోంది.

తోడు తన వీపు పలకను దించి, "ఎక్కించండి" అంది. ఇంకేమీ అనలేదు. ఆమె చేతులు నెత్తుటివి అలాగే ఉన్నాయి. దుప్పుల్ని కట్టే తాళ్ళతోనే ఆమెను కట్టాను. అది పరుగెత్తింది. నేను ముసలివాణ్ణి, వెనకబడిపోయాను. దారిలో దాని కాళ్ళ గుర్తులు చూసుకుంటూ వచ్చాను.

రోహిణి కార్తె చివర

వేట లేదు.

నీలవేణి అటక లెక్క అడగడానికి రాలేదు. పోలమ్మ తల పక్కన కూర్చోవడానికి వచ్చింది. వేట ఎవరికన్నది ఇప్పుడు మాట్లాడనంది. ఏదో ఒకటి చేసుకొమ్మన్నాను. మరలకు ఇచ్చుకో, మనుషులకు ఇచ్చుకో. నా విల్లు దండెం మీద ఉంది, తీసుకెళ్ళమన్నాను. నీలవేణి తీసుకెళ్ళలేదు.

పోలమ్మకు తెలివి వస్తోంది, పోతోంది. తడిగుడ్డలు కప్పుతున్నాం. నీడగట్టు మీద రేకులు ఎంత నీడ ఇచ్చినా గాలి సెగలాగే ఉంది. మందు చూసే మంగతాయి రెండు పూటలా వచ్చి పోతోంది. నిన్న నన్ను గడప బయటికి పిలిచింది.

"లోపల ఏడి దిగడం లేదు తాతా. ఇక్కడుంటే దిగదు. పైమెరక సలవలో పెడితే బతుకుద్ది. వానలు పడేదాకా ఇక్కడే ఉంచితే నాను మాటివ్వలేను."

పైవాళ్ళతో మాట్లాడే మాటపెట్టెలన్నీ ఎండకు పడకేశాయి. తాడుబుట్టే దిక్కు. నీలవేణి పై సంఘానికి రాసి పంపింది. జవాబు వచ్చింది. కిందివాళ్ళు పైకి రావాలంటే పైన ఉన్న దగ్గరి బంధువు స్వయంగా పిలవాలట, ఎంత జబ్బైనా అదే పద్ధతట. పోలమ్మకు పైన ఉన్నది నువ్వు ఒక్కడివే.

మృగశిర ప్రవేశిస్తే గాలివానలకు తాడుబండి ఆపేస్తారు. మళ్ళీ నడిపేది వానలు తగ్గాకే.

నేను నీకు ఇన్నేళ్ళు రాసినవన్నీ తప్పు ఒప్పుకోమనే రాశాను. ఆ దుప్పి సంగతి నువ్వు చెప్పిందే నిజమా, నేను అనుకుందే నిజమా, నాకు ఇప్పుడు తెలియదు. ఆ రోజు నేను వంగి కూడా చూడలేదు. దాని గురించి ఇక అడగను, నువ్వు చెప్పినా చదవను. తొమ్మిదేళ్ళలో ఒక్కసారి నేను బుట్టలో "రా" అని రాసి ఉంటే నువ్వు వచ్చేవాడివేమో. నువ్వు కోసేవాడివి. ఆమె ఇంట్లో కూర్చుని నిన్నూ నన్నూ కలిపి తిట్టుకునేది. రెండు ముసలి ప్రాణాలు పంతం పట్టాయి, ఆ పంతం ఎండంతా ఆమె వీపు మీద పడింది. నీ వంతు నువ్వు చూసుకో. నా వంతు నేను మోస్తున్నాను.

నిన్న సాయంత్రం కళ్ళు తెరిచి, "ఎవులు వొచ్చినారు?" అంది.

"ఎవరూ రాలేదు."

"మా అన్న వొస్తాడా?"

"అడుగుతాను."

"నువ్వు అడగవు," అంది. "నీకు రాదు." అని కళ్ళు మూసుకుంది.

అందుకని అడుగుతున్నాను. దాలయ్య బావా, నీ చెల్లెల్ని పైకి పిలువు. ఆమె ఒక్కదాన్నే పిలువు, నన్ను పిలవక్కర్లేదు. బండి దాకా నేను మోసుకొచ్చి అప్పగించి వెనక్కు తిరుగుతాను. నా మొహం చూడాల్సిన పని నీకు ఉండదు. లేదా నువ్వే దిగి వచ్చి ఆమెను తీసుకుపో. గుమ్మంలో నేను అడ్డం ఉండను.

మృగశిర ప్రవేశించే రోజు పొద్దున చివరి బండి ఉంది. ఆ పొద్దు పొడిచేలోపు నీ జవాబు నా చేతిలో ఉండాలి. పిలుస్తానని రాయి, లేదా పిలవనని రాయి. పిలవనని రాసినా సరే, అది నీ చేత్తో రాయి, ఆమెకు నేనే చదివి వినిపిస్తాను. ఆమె మెలకువ వచ్చినప్పుడల్లా అడుగుతోంది. ఏదో ఒకటి చెప్పు బావా, మృగశిర తెల్లవారేలోపు.